గోదారి గట్టు నుంచి కొజుమెల్ దాకా

భద్రాచలం వాళ్లకు నీళ్ల సంగతి అడుగుల్లోనే చెప్పాలి. వానాకాలంలో అక్కడికి ఫోన్ చేసి చూడండి. 'బాగున్నారా' అన్న మాటకన్నా ముందు 'ఎంతుందీ?' అనే మాటే వస్తుంది. ఎంతుందీ అంటే గోదారి ఎంతుందీ అని. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక. 48కి రెండోది. 53కి మూడోది. ఈ మూడు అంకెలూ అక్కడి పిల్లలకు ఎక్కాలకన్నా ముందే వచ్చేస్తాయి. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జులైలో 71.3 వచ్చింది. ఇంట్లో పెళ్లిళ్ల తేదీలు మర్చిపోయినా ఈ లెక్కలు మర్చిపోరు.

మా పెద్దనాన్న అచ్చంగా అలాంటి మనిషే. పుట్టింది, పెరిగింది, ఉద్యోగం చేసి రిటైరయింది.. అంతా గోదారి పక్కనే. 86 వరదలో ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని పెద్దమ్మ చెయ్యి పట్టుకుని గట్టెక్కిన కథ మాకు ఏటా ఒకసారైనా చెబుతాడు. కానీ ఒక సంగతి మాత్రం చెప్పడు. ఆయనకు ఈత రాదు! అరవై ఎనిమిదేళ్లుగా గోదారి స్నానమంటే ఆయనకు ఒకటే పద్ధతి.. ఎడమ చేత్తో ఘాట్ గొలుసు, కుడి చేత్తో ముక్కు, మూడు మునకలు, వెంటనే గట్టు. నాలుగో మునక మేం ఎప్పుడూ చూడలేదు.

అలాంటి మనిషి మొన్న డిసెంబరులో డాలస్ నుంచి ఫోన్ చేశాడు.

''ఒరేయ్! సముద్రంలో ముఖం పెట్టి ఇరవై నిమిషాలు తేలానురా!''

వరద లెక్క తప్పు చెప్పినా నమ్ముతానేమో గానీ, ఈ మాట నమ్మడానికి నాకు కాస్త టైమ్ పట్టింది.

ఓడ ఆగిన ఊళ్లో..

పెద్దనాన్న కొడుకు, అంటే మా అన్నయ్య, డాలస్‌లో ఉంటాడు. టెక్సాస్‌లో ఉండే మనవాళ్లకు అమ్మానాన్నలు వస్తే చూపించే జాబితాలో ఇప్పుడు క్రూజ్ కూడా చేరింది. హ్యూస్టన్ దాటాక గాల్వెస్టన్ అనే రేవు ఉంది. అక్కడ ఓడ ఎక్కితే మధ్యలో ఒక రోజంతా సముద్రమే. ఆ తర్వాత మెక్సికో తీరం. ఆ తీరంలో ఓడలు ఎక్కువగా ఆగే చోటు కొజుమెల్. యుకటాన్ ద్వీపకల్పానికి ఎదురుగా ఉండే చిన్న దీవి. చిన్నదే గానీ, ఏడాదికి 40 లక్షల మందికి పైగా ఓడ ప్రయాణికులు దిగుతున్నారక్కడ. మన ముక్కోటికి భద్రాద్రి వీధులు ఎలా ఉంటాయో, మూడు నాలుగు ఓడలు ఒకేసారి వచ్చిన రోజు కొజుమెల్ రేవు అలా ఉంటుందని పెద్దనాన్న పోలిక.

ఇంతమంది ఎందుకొస్తారంటే, అక్కడి నీళ్ల కోసం. కరీబియన్ సముద్రంలో మెక్సికో నుంచి బెలీజ్, గ్వాటెమాలా మీదుగా హోండురాస్ దాకా వెయ్యి కిలోమీటర్ల పగడపు దిబ్బ ఉంది. ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్ తర్వాత అంత పొడవైనది ఇదేనని చెబుతారు. అందులో ఒక ముక్క కొజుమెల్‌ను ఆనుకుని ఉంది. నీళ్లు ఎంత తేటగా ఉంటాయంటే, ఓడ పైనుంచి చూసినా అడుగున ఇసుక కనిపిస్తుంది. 1996లో ఆ దిబ్బలను జాతీయ పార్కుగా ప్రకటించారు.

ఇంకో విశేషం పెద్దమ్మ చెప్పింది. కొజుమెల్ కూడా పుణ్యక్షేత్రమేనట! పూర్వం మాయా జాతి ఆడవాళ్లు ఈష్‌చెల్ అనే దేవత దర్శనానికి పడవల్లో సముద్రం దాటి ఈ దీవికి వచ్చేవారు. కాన్పులకు, వైద్యానికి ఆ దేవతే దిక్కు. దీవి మధ్యలో శాన్ గెర్వాసియో అనే చోట ఆ గుళ్ల శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి. ''మీ పెద్దనాన్న చేపల్ని చూశాడు, నేను అమ్మవారి గుడి చూశాను. ఎవరి పుణ్యం వాళ్లది'' అంది పెద్దమ్మ.

కాగితం మీద ఒక ప్రశ్న

అసలు అన్నయ్య అనుకున్నది వేరు. తండ్రిని స్కూబా డైవింగ్ చేయించాలని వాడి ముచ్చట. వీపుకు గాలి సిలిండరు కట్టుకుని నీటి అడుగుకు వెళ్లడమే స్కూబా. కొత్తవాళ్లకు కూడా గంటసేపు పాఠం చెప్పి, లోతు తక్కువ నీళ్లలో సాధన చేయించి, శిక్షకుడు పక్కనే ఉండి తీసుకెళ్తాడు. ''ఎంత లోతు?'' అని అడిగాడట పెద్దనాన్న. కొత్తవాళ్లకు మహా అయితే 40 అడుగులని చెప్పారు.

''40 అంటే మన దగ్గర మొదటి హెచ్చరికకు ఇంకా మూడడుగులు తక్కువ. ఫరవాలేదులే అనుకున్నాను'' అని నవ్వాడాయన.

అప్పుడు ఒక కాగితం చేతికిచ్చారు. గుండె జబ్బు ఉందా? ఉబ్బసం ఉందా? మూర్ఛ వస్తుందా? చెవికి ఆపరేషన్ అయిందా? బీపీకి, షుగరుకు మందులు వాడుతున్నారా? ఇలా వరసగా ప్రశ్నలు. దేనికి 'అవును' అని రాసినా డాక్టరు సంతకం చేసిన కాగితం కావాలి. ఓడ ఆగేది కొన్ని గంటలు. ఆ ఊళ్లో డాక్టరును వెతికి, సంతకం తెచ్చుకుని, తిరిగొచ్చేసరికి ఓడ వెళ్లే వేళవుతుంది.

పెద్దనాన్నకు మూడేళ్ల కిందట గుండెకు స్టెంట్ వేశారు.

పక్కన నిలబడ్డవాళ్లు చాలామంది అన్నిటికీ 'లేదు' అని టిక్కులు కొట్టేసి ఇచ్చేస్తున్నారు. అన్నయ్య కూడా, ''నాన్నా, మీరిప్పుడు బాగానే ఉన్నారుగా! రోజూ నాలుగు కిలోమీటర్లు నడుస్తున్నారు. 'లేదు' అని కొట్టేద్దాం'' అన్నాడట. ముందుగా కట్టిన డబ్బు పోతుందని వాడి బాధ కొంత. తండ్రికి సముద్రం అడుగు చూపించాలన్న ఆశ కొంత.

పెద్దనాన్న పెన్ను తీసుకుని 'అవును' దగ్గర టిక్కు కొట్టాడు.

''నేను నీళ్లకు అబద్ధం చెప్పనురా'' అన్నాడు. అంతే! ఆయన స్కూబా అక్కడితో అయిపోయింది.

ఆ కాగితం ఎందుకో తెలిస్తే ఆ టిక్కు విలువ తెలుస్తుంది. నీళ్లలో 33 అడుగులు దిగితే ఒంటి మీద ఒత్తిడి రెట్టింపవుతుంది. అక్కడ సిలిండరు నుంచి నిండుగా పీల్చిన గాలి, పైకొచ్చేసరికి రెట్టింపు చోటు అడుగుతుంది. అందుకే ఊపిరి బిగబట్టకూడదన్నది స్కూబాలో మొట్టమొదటి పాఠం. బిగబట్టి పైకి లేస్తే బుడగలో గాలి ఎక్కువైనట్టే ఊపిరితిత్తులకూ ముప్పు. చెవుల్లో ఒత్తిడి సర్దుకోవడానికి ముక్కు మూసి మెల్లగా గాలి ఊదుతూ దిగాలి. నొప్పి వస్తే ఆగిపోవాలి. గుండెకు మామూలు కన్నా ఎక్కువ పని పడుతుంది. రోడ్డు మీద నాలుగు కిలోమీటర్లు నడిచే గుండె ఇవన్నీ తట్టుకుంటుందో లేదో చెప్పాల్సింది డాక్టరే గానీ, కొడుకు కాదు.

ముఖం నీళ్లలో.. ఊపిరి గాలిలో!

మరి స్నార్కెలింగ్? అది స్కూబాకు చిన్న చెల్లెలు. సిలిండరు ఉండదు, లోపలికి దిగడం ఉండదు. కళ్లను, ముక్కును మూసే అద్దాల మాస్కు. నోట్లో పెట్టుకునే వంపు గొట్టం. కాళ్లకు బాతు పాదాల్లాంటి ఫిన్స్. నీటి మీద బోర్లా తేలుతూ, గొట్టంలోంచి ఊపిరి పీలుస్తూ కిందికి చూడటమే పని. ఈత రానివాళ్లకు తేలడానికి జాకెట్ ఇస్తారు.

అయితే ఇందులో ప్రమాదం లేదనుకుంటే పొరపాటు. హవాయి దీవుల్లో నీటమునిగి చనిపోయే పర్యాటకుల్లో స్నార్కెలింగ్ చేస్తూ పోయినవాళ్లే ఎక్కువ. పైగా మునిగిపోయే మనిషి సినిమాల్లోలాగా చేతులూపి కేకలు వేయడు. ముఖం కిందికి పెట్టి తేలే ఆటలో అయితే, చూస్తున్నాడో స్పృహ తప్పాడో పక్కవాడికే తెలియదు. అందుకే జంట లేకుండా దిగకూడదు.

పెద్దనాన్న తన స్టెంట్ సంగతి అక్కడి గైడుకూ చెప్పాడు. బయల్దేరే ముందే ఖమ్మంలో తనను చూసే డాక్టరును అడిగి వెళ్లాడు కూడా. లోతు లేని నీళ్లలో, ఆయాసపడకుండా, జాకెట్ వేసుకుని తేలితే ఫరవాలేదని ఆయన అన్నారట. గైడు మాత్రం ఒక షరతు పెట్టాడు. తన చెయ్యి వదలకూడదు, గుండ్రటి ట్యూబును రెండో చేత్తో పట్టుకోవాలి, అలసట అనిపిస్తే బొటనవేలు పైకి చూపించాలి. నీళ్లు పది పన్నెండు అడుగులు. ''మన గోదారి ఎండాకాలం లెక్క'' అన్నాడు పెద్దనాన్న.

మొదటిసారి ముఖం పెట్టగానే గాభరా పడి లేచిపోయాడు. రెండోసారీ అంతే! అరవై ఎనిమిదేళ్ల అలవాటు కదా.. నీళ్లు తగలగానే ముక్కు మూసుకోవాలని చెయ్యి దానంతటదే లేచిందట. గైడు నవ్వలేదు, తొందరపెట్టలేదు. ''మెల్లగా.. మెల్లగా'' అని స్పానిష్‌లో అంటూనే ఉన్నాడు. మూడోసారి పెద్దనాన్న మనసులో రామనామం లెక్కపెట్టడం మొదలెట్టాడు. ఒక నామానికి ఒక ఊపిరి. పదకొండో నామం దగ్గర కళ్లు తెరిచాడు.

కింద ఒక చేప ఆయన్నే చూస్తోంది!

నీలం, ఆకుపచ్చ, గులాబీ కలిసిన రంగు. మూతి చిలకముక్కులా ఉంది. అది ప్యారట్ ఫిష్. పగడపు రాయిని పళ్లతో గీకి, దాని మీద నాచు తింటుంది. గీకిన రాయి కడుపులో పిండై ఇసుకగా బయటికొస్తుంది. కరీబియన్ తీరాల్లో టూరిస్టులు ఫొటోలు దిగే తెల్లటి ఇసుకలో ఈ చేపలు తయారుచేసిందే చాలా ఉంటుంది! పసుపు ఒంటి మీద నల్ల చారలున్న చేపల గుంపు, మనిషి మెదడులా మడతలు పడ్డ పగడం, అలకు అటూ ఇటూ ఊగే విసనకర్రల్లాంటి సముద్రపు విసనకర్రలు.. ఇవన్నీ చూశాడు.

''రాయి అనుకున్నానురా. ప్రాణమున్న జీవి అట. నా వయసంత పెరగడానికి దానికి వందల ఏళ్లు పట్టిందట'' అన్నాడు. వయసుకు, ఎత్తుకు లెక్క కుదరకపోయినా భావం నాకు అర్థమైంది. పగడం లక్షల చిన్న చిన్న జీవుల కాలనీ. మెదడు పగడం లాంటివి ఏడాదికి సెంటీమీటరు పెరగడం కూడా గొప్పే. ఒక్క కాలి తాపుతో విరిగిపోయేది మాత్రం ఒక్క క్షణంలో.

సముద్రానికీ జబ్బు చేస్తుంది

గైడు ముందే చెప్పిన ఇంకో మాట.. ముట్టుకోవద్దు, నిలబడొద్దు, సన్‌స్క్రీన్ పూసుకుని దిగొద్దు. ఎండకు మాడిపోతాం కదా అంటే పొడుగు చేతుల బనియను వేసుకోమన్నాడు.

ఈ పట్టింపుకు కారణం ఉంది. 2018లో మెక్సికో కరీబియన్ తీరానికి ఒక పగడాల తెగులు వచ్చింది. మెదడు పగడం లాంటి గట్టి పగడాల కండ కొన్ని వారాల్లోనే ఊడిపోయి తెల్లటి అస్థిపంజరం మిగిలేది. 2019 అక్టోబరులో కొజుమెల్‌లో పలాంకార్, కొలంబియా, ఎల్ సియెలో అనే పేరున్న చోట్లకు టూరిస్టులను కొంతకాలం రానివ్వలేదు. ఎవరిని చూడటానికి లక్షల మంది వస్తున్నారో, వాళ్లకే విశ్రాంతి ఇవ్వాల్సి వచ్చిందన్నమాట! సముద్రం వేడెక్కడం దీనికి తోడు. పగడాలు పోతే చేపలు పోతాయి. చేపలు పోతే ఓడలూ రావు.

తలకింది జాకెట్

పెద్దనాన్న ఫోన్‌లో ఇదంతా చెబుతుంటే నాకు వేరే ఓడ గుర్తొచ్చింది. మన పాపికొండల లాంచీ.

చిన్నప్పుడు సెలవులొస్తే భద్రాచలం చేరడం, పొద్దున్నే పోచవరం రేవు నుంచి లాంచీ ఎక్కడం మా ఇంటి ఆనవాయితీ. మాకు అదే క్రూజ్. మధ్యలో పేరంటాలపల్లి దగ్గర ఆపేవారు. ముని ఆశ్రమం, శివాలయం చూసి, కొండరెడ్లు వెదురుతో చేసిన పూలు కొనుక్కుని, లాంచీలో పెట్టిన పప్పు, కూరల భోజనం తిని నిద్రపోయేవాళ్లం. దేని మీద తల పెట్టి? లైఫ్‌జాకెట్ మీద! తొడుక్కోమని ఎవరైనా చెబితే, ''ఉక్కగా ఉంది బాబూ, గోదారి మాకు కొత్తా?'' అనేవాళ్లం. ఆ మాట అన్నవాళ్లలో పెద్దనాన్న మొదటివాడు.

2019 సెప్టెంబరు 15, ఆదివారం. దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర పాపికొండలకు వెళ్తున్న బోటు మునిగింది. గోదారి వరద మీద ఉంది. బోటులో డెబ్భై మందికి పైగా ఉన్నారు. వరంగల్ దగ్గర కడిపికొండ నుంచి, హైదరాబాద్ నుంచి, విశాఖ నుంచి సెలవురోజు సరదాగా వచ్చినవాళ్లు. ఒడ్డున ఉన్న గిరిజనులు నాటు పడవలేసుకుని వెళ్లి పాతిక మందిని బయటికి లాగారు. బతికినవాళ్లలో ఎక్కువమంది జాకెట్లు వేసుకున్నవాళ్లేనని అప్పట్లో వార్తలొచ్చాయి. మిగతావాళ్లు గోదారిలో కలిసిపోయారు. కాకినాడ ధర్మాడి సత్యం బృందం రోజుల తరబడి లంగర్లు వేసి, విశాఖ డైవర్లు బురద నీళ్లలోకి దిగి తాళ్లు కట్టాక, అక్టోబరు 22న ఆ బోటు బయటపడింది.

డైవర్ అనే మాట మన జిల్లాలో చాలామంది మొదటిసారి విన్నది అప్పుడే. రంగుల చేపల కోసం కాదు.

ఆ ఆదివారం రాత్రి పెద్దనాన్న టీవీ ముందు నుంచి లేవలేదు. ఆ తర్వాత లాంచీ ప్రయాణాల మాట ఎత్తితే మౌనంగా ఉండిపోయేవాడు. కొజుమెల్‌లో 'అవును' దగ్గర టిక్కు కొట్టించింది ఆ రాత్రేనని నాకు ఫోన్‌లో అర్థమైంది. ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

మీరూ వెళ్తారా?

వెళ్లండి. అయితే కొన్ని సంగతులు గుర్తుపెట్టుకోండి.

ఓడ గడియారం: చలికాలంలో కొజుమెల్ సమయం టెక్సాస్ కన్నా గంట ముందుంటుంది. తిరిగి రావాల్సింది ఓడ చెప్పిన టైముకు, మీ సెల్‌ఫోన్ చెప్పిన టైముకు కాదు. ఓడవాళ్ల ద్వారా కాకుండా బయట టూరు మాట్లాడుకుంటే, ఆలస్యమైనవారి కోసం ఓడ ఆగదు.

కాగితాలు: మెక్సికోలో దిగి మళ్లీ అమెరికాలో అడుగుపెట్టాలి. పాస్‌పోర్టులో వీసా తిరిగి ప్రవేశించడానికి పనికొస్తుందో లేదో బయల్దేరే ముందే చూసుకోవాలి.

ఆరోగ్యం: అరవై దాటినవాళ్లు, గుండె, ఊపిరితిత్తుల సమస్యలున్నవాళ్లు మన ఊళ్లోనే డాక్టరును అడిగి కాగితం రాయించుకోవాలి. ఓడ ఎక్కాక ఆలోచిస్తే ఆలస్యమే.

విమానం: స్కూబా చేసిన వెంటనే విమానం ఎక్కకూడదు. ఒకసారి డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఎక్కువసార్లు చేస్తే 18 గంటలు ఆగాలి. స్నార్కెలింగ్‌కు ఈ ఇబ్బంది లేదు.

అంత దూరం వెళ్లలేకపోతే దగ్గర్లోనూ ఉంది. విశాఖ రుషికొండలో స్కూబా నేర్పేవాళ్లున్నారు. కర్ణాటకలో మురుడేశ్వర్ దగ్గర నేత్రాణి దీవి, అండమాన్‌లో హేవ్‌లాక్, అదే ఇప్పటి స్వరాజ్ ద్వీప్, లక్షద్వీప్.. ఇవన్నీ పగడాల తావులే. అన్నిటికన్నా ముందు పిల్లలకు ఈత నేర్పించండి. ఒకప్పుడు ఎండాకాలంలో వ్యవసాయ బావుల దగ్గర నడుముకు బెండ్లు కట్టి దూకించే బాబాయిలు ఉండేవారు. బావులు పూడిపోయాయి, బాబాయిలు డాలస్ వెళ్లిపోయారు. నీళ్లు మాత్రం మనల్ని వదల్లేదు.

మళ్లీ ఘాట్ దగ్గర

పెద్దనాన్న సంక్రాంతికి తిరిగొచ్చాడు. సంచిలో మా పిల్లలకు చాక్లెట్లు, నాకో చొక్కా, అడుగున ఒక పసుపు రంగు మాస్కు, గొట్టం. ''అక్కడే కొన్నానురా'' అన్నాడు కాస్త సిగ్గుపడుతూ.

తెల్లారి ఇద్దరం స్నానానికి ఘాట్‌కు వెళ్లాం. చలికాలపు గోదారి.. మెట్ల దగ్గర మోకాలి లోతు. ఎడమ చేత్తో గొలుసు పట్టుకున్నాడు. చుట్టుపక్కల భక్తులు వింతగా చూస్తుండగా మాస్కు తగిలించుకున్నాడు. వంగి ముఖం నీళ్లలో పెట్టాడు. నేను లెక్కపెడుతున్నాను. ఒకటి.. రెండు.. పదకొండు దాటింది. ఇరవై దాటింది.

లేచాడు. గడ్డం మీద నీళ్లు కారుతున్నాయి.

''ఏం కనిపించింది పెద్దనాన్నా?''

''ఏం కనిపిస్తుందిరా ఈ బురదలో? మెట్టు కనిపించింది'' అన్నాడు.

కుడి చెయ్యి ఖాళీగానే ఉంది. ముక్కు మీదికి వెళ్లలేదు.